ఇంటి చుట్టూ గీత

ఈ ఏడాది నీలోఫర్ గీసినన్ని గీతలు బందరులో ఇంకెవరూ గీసి ఉండరు. పెళ్ళి శుభలేఖ చుట్టూ లతలు, ఓణీల ఫంక్షన్ కార్డు చుట్టూ మామిడి పిందెలు, పెద్దకర్మ కార్డు చుట్టూ నల్లగీత, చిలకలపూడి నగల కొట్టు కరపత్రం చుట్టూ ముత్యాల వరస. మనుషులు పుట్టినా, పెళ్ళాడినా, పోయినా వాళ్ళ పేర్ల చుట్టూ ఏదో ఒక గీత పడి తీరాలి. ఆ పడేదేదో జగన్మోహనరావు గారి ప్రెస్సులో, కిటికీ పక్క కుర్చీలో, ఆమె చేతి మీదుగానే పడాలి. ఇరవై ఆరేళ్ళుగా అదే కుర్చీ. దాని దిండు మూడుసార్లు మారింది. ఆమె మెడ మాత్రం పాతదే, మార్చుకునే వీలు లేదు.

వయసు నలభై తొమ్మిది. సాయంత్రం నాలుగయ్యేసరికి కళ్ళు మంటలెత్తుతాయి. ఇంటికి వెళ్ళి కళ్ళు మూసుకున్నా రెప్పల వెనక గీతలే కనిపిస్తాయి, సన్నవి, లావువి, చుక్కలవి. డాక్టరు ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూడమన్నాడు. కిటికీలోంచి చూస్తే ఎదుట గోడ. దాని మీద ఆమె చేసిన ఫ్లెక్సీయే ఒకటి వేలాడుతూ ఉంటుంది, గీతలతో సహా.

వెనకటికి పేజ్‌మేకర్‌లో పని ఇంతకంటే మోటుగా ఉండేది. పేరా రాసి, దాని మీద చేత్తో పెట్టె గీయాలి. అంతా అయ్యాక ఎవరో పరుగెత్తుకొచ్చి, "మా చిన్న మావయ్యగారి పేరు మర్చిపోయామండీ, ఆయన అలిగారు" అనేవాళ్ళు. పేరు చేర్చగానే రాత కిందికి జరిగేది, పెట్టె ఉన్నచోటే ఉండిపోయేది. ఒక్క మావయ్య అలకకి ఇరవై పెట్టెలు మళ్ళీ గీసిన రోజులున్నాయి. రెండేళ్ళ కిందట కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇందులో గీత పేరాకే అంటుకుని ఉంటుంది. పేరా పెరిగితే తనూ పెరుగుతుంది, పక్క పేజీకి పోతే వెంట పోతుంది. "ఇంకేముంది నీలోఫర్ గారూ, మీరు కాలు మీద కాలేసుక్కూచోడమే" అన్నాడు జగన్మోహనరావు. అన్న వారం నుంచీ రెట్టింపు పని తెచ్చి ఆమె నెత్తిన పడేస్తున్నాడు.

శోభనాద్రి మాస్టారు వచ్చింది అక్టోబరు మొదటి వారంలో. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, రిటైరైన హెడ్మాస్టరు. గుడివాడ నుంచి బస్సులో, చంకన గుడ్డసంచీతో వచ్చారు. సంచీలోంచి మూడు లాంగ్ నోటుబుక్కులు తీసి, వాటి మీద లేని దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టారు.

"ఉప్పెన పుస్తకం అమ్మా" అన్నారు.

ఆ మాటకి ఈ ప్రాంతంలో ఎవరూ అర్థం అడగరు. డెబ్బై ఏడు నవంబరు పంతొమ్మిదిన దివిసీమ మీద సముద్రం విరుచుకుపడింది. అప్పుడు మాస్టారు హంసలదీవికి ఇవతల ఒక పాలెంలో కొత్తగా చేరిన పంతులు. ఆ శనివారం సెలవు పెట్టి గుడివాడ రాబట్టి బతికిపోయారు. తిరిగి వెళ్ళేసరికి బడీ లేదు, బడికొచ్చే పిల్లలూ లేరు. ఈ నాలుగేళ్ళ నుంచి ఊరూరా తిరిగి, మిగిలినవాళ్ళని పట్టుకుని అడిగి, పాలెంలో పోయినవాళ్ళ పేర్లన్నీ ఇంటింటి వారీగా రాసుకొచ్చారు. నూట పన్నెండు ఇళ్ళు. ఇంటికో పేరా. అందులో ఇంటిపేరు, మనుషులు, వాళ్ళ వయసులు. పంతొమ్మిదో తారీకున పాలెంలో జరిగే సభలో పుస్తకం పంచాలి.

"ప్రతి ఇంటి చుట్టూ ఒక గీత ఉండాలి" అన్నారు మాస్టారు. "పిట్టగోడ ఉంటుంది చూడండి, అలాగ."

జగన్మోహనరావు హుషారుగా బోర్డర్ల ఆల్బం తెరిచాడు. హంసలు, కలువలు, నెమలి పింఛాలు. మాస్టారు ఒక్కొక్కటీ ఓపిగ్గా చూసి, "ఇవి పెళ్ళిళ్ళకి బాగుంటాయండీ" అని పక్కన పెట్టారు. ఆఖరికి నీలోఫరే ఒకటి చేసి చూపించింది. బయట లావు గీత, లోపల సన్న గీత, నాలుగు మూలలా చిన్న మెలిక. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. "ఇదీ. ఇది ఇల్లులాగుంది" అన్నారు.

టైపు చేసేవాళ్ళకి ఒక వరం ఉంటుంది. అక్షరాలు కంటికి కనిపిస్తాయి, అర్థం మాత్రం బుర్రకెక్కదు. ఆ వరంతోనే నీలోఫర్ ఇన్నేళ్ళుగా ఎంతమంది చావుల్నో టైపు చేసి, మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవగలిగింది. ఈ పుస్తకం దగ్గర ఆ వరం పనిచెయ్యలేదు. పేరు పక్కన అంకెలు. ముప్పై. ఇరవై ఎనిమిది. తొమ్మిది. ఆరు. రెండు. కొన్నిచోట్ల అంకె లేక, 'నెలల పిల్ల' అని మాస్టారి గుండ్రటి దస్తూరీ. మూడో నోటుబుక్కు సగంలో ఆమె కీబోర్డు వదిలి, గ్లాసుడు నీళ్ళు తాగొచ్చి కూర్చుంది. ఏడుపు రాలేదు. ఒళ్ళు బరువెక్కిందంతే, మూడు రోజులు నిద్ర లేనిదానిలాగా.

అక్కడే పొరపాటు జరిగింది. సాఫ్ట్‌వేర్‌లో గీతకి సంబంధించిన సెట్టింగుల్లో అట్టడుగున ఒక చిన్న టిక్కు ఉంటుంది. అది ఉంటే, ఒకదాని కింద ఒకటి వచ్చే పేరాలకి ఒకే రకం గీత ఉన్నప్పుడు అన్నిటినీ కలిపి ఒకే పెట్టెలో పెట్టేస్తుంది. అది తీసేస్తేనే దేని గీత దానికి వస్తుంది. శుభలేఖల్లో ఈ గొడవే రాదు కాబట్టి ఆమెకి ఆ టిక్కు గుర్తుకే రాలేదు. సాయంత్రం ప్రూఫు తీసి, చివరి కాగితం చేతిలోకొచ్చాక చూసుకుంది. పుస్తకం వీధుల వారీగా ఉంది. వీధి పేరు, దాని కింద ఆ వీధిలోని ఇళ్ళన్నీ ఒకే గీతలో. నూట పన్నెండు పెట్టెలు ఉండాల్సిన చోట వీధికొకటి చొప్పున పదకొండే ఉన్నాయి. 'రేపు చూద్దాంలే' అనుకుంది. ఆ మాట అనుకోవడానికి కూడా ఆమెలో ఓపిక లేదు.

రేపు ఆమె చూసేలోపే ఎల్లయ్య వచ్చాడు.

ఎల్లయ్య గిలకలదిండి హార్బర్లో వలలు బాగుచేస్తాడు. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ఆ పాలెం మనిషే. బందరులో ఉన్నవాళ్ళని ప్రెస్సుకి వెళ్ళి తమ ఇంటి పేర్లు సరిచూసుకోమని మాస్టారు కబురు పెట్టారట. చెప్పులు గుమ్మం బయటే విడిచి, వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాగిడోళ్ళ ఇల్లు చూపించండమ్మా. అక్షరాలు గుర్తుపడతాను గానీ చదవాలంటే నాకు పొద్దుగూకుద్ది. మీరే చదవండి."

నీలోఫర్ కాగితాలు తిప్పింది. 'రేవు దారి' అన్న వీధి కింద ఉన్నవి రెండే ఇళ్ళు. చదివింది. "నాగిడి వారు. బసవయ్య, నలభై. రాములమ్మ, ముప్పై అయిదు. పేరమ్మ, అరవై. కొండలు, పదమూడు. నాంచారమ్మ, నాలుగు."

"మా నాన్న, మా అమ్మ, నాయనమ్మ, అన్న, చెల్లి. సరిపోయిందమ్మా. ఆరోవాణ్ణి నేను." వేలు కిందికి జరిపాడు. "ఇది?"

"సైకం వారు. వీరాస్వామి, నలభై అయిదు. తిరపతమ్మ, నలభై."

తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన ఎల్లయ్య వేలు నెమ్మదిగా గీత వెంబడే నడిచింది. నాగిడి వారి పక్కనుంచి దిగి, సైకం వారి కింద తిరిగి, రెండో పక్కనుంచి పైకెక్కి, మొదలుపెట్టిన మూల దగ్గర ఆగింది.

"మధ్యలో గోడ పెట్టలేదు" అన్నాడు. "మా ఇల్లూ తిరపతమ్మత్త ఇల్లూ ఒకే గోడలో పెట్టారు."

పొరపాటండీ, సరిచేస్తాను అని చెప్పడానికి నీలోఫర్ నోరు తెరిచింది. ఆ మనిషి మొహం చూసి ఆగింది.

"మా నాంచారి ఆవిడ దగ్గరే పెరిగిందమ్మా. తిరపతమ్మత్తకి పిల్లల్లేరు. పాలు మా అమ్మ ఇచ్చింది, అన్నం ఆవిడ పెట్టింది. పొద్దుగూకితే ఆవిడ పక్కలోనే పడుకునేది. మా అమ్మ పిలిచినా వచ్చేది కాదు. నీళ్ళొచ్చినప్పుడు ఆవిడ చీరకొంగుతో పిల్లని నడుముకి కట్టేసుకుంది. నేను తుమ్మచెట్టుకి చిక్కుకుని బతికాను. మూడోరోజు వాళ్ళు దొరికారు. ముడి ముడిలాగే ఉంది. ఆ ముడితోనే, విప్పకుండా, ఇద్దర్నీ ఒకే చితి మీద పెట్టారమ్మా." వేలు మళ్ళీ గీత మీదికి తెచ్చాడు. "ఈ పుస్తకం వేస్తన్నారంటే నాకు భయమేసింది. పిల్లని మా ఇంట్లో రాస్తారు, ఆవిణ్ణి ఆవిడింట్లో రాస్తారు, మధ్యలో గోడ కడతారు అనుకున్నాను. అలాగని మా అమ్మ దగ్గర్నించి పిల్లని తీసెయ్యమని ఎలా అడుగుతాను? ఇదిగో, ఇలా కలిపితే ఎవరికీ లోటు లేదు. మాస్టారు చెప్పారా, మీకే తోచిందా?"

నీలోఫర్ "ఊఁ" అంది.

దేనికి ఊఁ అందో ఆమెకే తెలీదు. ఎల్లయ్యకి అంతే చాలింది. కాగితానికి దణ్ణం పెట్టి, ఆమెకీ ఒక దణ్ణం పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఊఁ మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది.

మాస్టారు శుక్రవారం వచ్చారు. ప్రూఫు మొదటి పేజీ తిప్పారు, రెండోది తిప్పారు, మూడోది తిప్పలేదు. మెల్లిగా కుర్చీలో కూర్చున్నారు.

"కలిపేశారేమ్మా?"

"పొరపాటు మాస్టారూ. ఒక్క టిక్కు తీస్తే..."

"అప్పుడు మేం చేసిందీ అదేనమ్మా" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే నీలోఫర్‌కి తేలిగ్గా ఉండేది. "మూడోరోజు నుంచి కుప్పలు పోశాం. కిరసనాయిలు పోశాం. ఎవరిల్లు ఏదో, ఎవరి పిల్ల ఎవరో చూసే వ్యవధి లేదు. వాసన. ఈగలు. చూసి ఉంటే మాత్రం ఏం గుర్తుపట్టేవాళ్ళం? మళ్ళీ ఎవరిల్లు వాళ్ళకి ఇవ్వడానికి నాకు నలభై ఎనిమిదేళ్ళు పట్టింది. కనీసం కాగితం మీదన్నా ఒక్కొక్కళ్ళకీ ఒక గుమ్మం, ఒక గోడ ఉండాలని తిరిగాను. మీరు తీసుకెళ్ళి మళ్ళీ కుప్పలోనే వేశారు."

జగన్మోహనరావు ఏదో పనున్నట్టు లోపలికి జారుకున్నాడు. అలాంటప్పుడు ఆయనకి లోపల ఎప్పుడూ పనుంటుంది.

నీలోఫర్ టిక్కు తీసేసింది. ఒక్క నొక్కు. తెర మీద గీతలన్నీ ఒక్కసారి చెదిరి, మళ్ళీ కుదురుకుని, ఇంటికొక పెట్టె కట్టుకుని నిలబడ్డాయి. నూట పన్నెండు. మాస్టారు తెర దగ్గరికి వంగి, ఒక్కొక్క పేజీ జరిపించుకుని చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కొత్త ప్రూఫు తీయగానే, పరీక్ష పేపరు దిద్దినంత శ్రద్ధగా, ప్రతి పేజీ అడుగునా పొడి అక్షరాలు వేశారు.

రేవు దారి పేజీ దగ్గర నీలోఫర్ "మాస్టారూ" అంది.

"ఏమ్మా?"

ఆయన కళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి. "ఏం లేదండీ" అంది.

ప్లేట్లు తీయించడానికి ఫైలు మంగళవారం బెజవాడ పంపాలి. శనివారమంతా ఆమె ఒక గృహప్రవేశం కార్డు చుట్టూ అరిటాకులు పేరుస్తూ కూర్చుంది గానీ, మనసు రేవు దారిలోనే ఉంది. ఆ రెండు పేరాలకీ మాత్రం టిక్కు మళ్ళీ పెడితే రెండూ కలిసిపోతాయి. పట్టుమని పది సెకన్ల పని. నూట పన్నెండులో ఒకచోట తేడా ఉంటే ఎవరు చూస్తారు? మాస్టారు చూస్తారు. సభలో, అందరి ముందు, పుస్తకం చేతిలో పట్టుకుని చూస్తారు. పోనీ అలాగే వదిలేస్తే? అదే సభలో ఎల్లయ్య ఎవరిచేతనో చదివించుకుని, గీత వెంబడే వేలు నడిపించి, మధ్యలో గోడ తగిలి ఆగిపోతాడు.

"మీకెందుకండీ ఈ తలనొప్పి?" అన్నాడు జగన్మోహనరావు, విషయం విని. "పెద్దాయన సంతకం పెట్టాడు. పార్టీ ఓకే చేశాక మనకి సంబంధం లేదు."

"అతనికి నేను ఊఁ అన్నానండీ."

"ఊఁ అంటే ఏవుందండీ! నేను రోజుకి వందసార్లు అంటాను."

అది నిజమే. ఆయన ఊఁ అనడం వల్లే ఆమెకి ఇరవై ఆరేళ్ళుగా పని తెమలడం లేదు.

వారానికి దొరికే ఒక్క ఆదివారం. పడుకుంటే సాయంత్రం దాకా లేవకుండా పడుకోగలదు. ఇంట్లో జాన్‌బీ, ఆమె తల్లి, "ఇవాళన్నా నడుం వాల్చవే" అంటూనే ఉంది. నీలోఫర్ ప్రూఫు కాగితం ఒకటి మడిచి సంచీలో పెట్టుకుని గుడివాడ బస్సెక్కింది. ఫోన్లో చెప్పే విషయం కాదు. బస్సు పెడన దాటింది, కవుతరం దాటింది, గుడ్లవల్లేరు దాటింది. రెండు పక్కలా వరి పొట్ట మీదుంది. దూరంగా చూడమన్నాడు డాక్టరు. చూస్తూనే ఉంది గానీ, పొలం గట్లు కూడా ఆమెకి గీతల్లాగే కనిపించాయి. నాకెందుకు ఈ గొడవ అని తొమ్మిదిసార్లు అనుకుంది, పదోసారికి గుడివాడ వచ్చేసింది.

మాస్టారు రైల్వే స్టేషన్ వెనక ఒక పోర్షన్లో ఉంటున్నారు. ఆమెని చూసి కంగారుపడ్డారు. "ఏమ్మా, ఫైలు పోయిందా?"

"లేదండీ." కాగితం తీసి బల్ల మీద పరిచింది. రేవు దారి. ఎల్లయ్య వచ్చిన సంగతి, కలిసిన గీత చూసి అతను సంతోషించిన సంగతి, తను నిజం చెప్పలేకపోయిన సంగతి వరసగా చెప్పేసింది. "నాదే తప్పు మాస్టారూ. మీరు వద్దంటే వద్దు, అతనికి నేనే వెళ్ళి చెప్పుకుంటాను. కానీ ఒక్కసారి మిమ్మల్ని అడగాలనిపించింది. ఆ పిల్ల, ఆవిడ ఒకే ముడిలో దొరికారట. ముడి విప్పకుండానే ఇద్దర్నీ ఒకే చితి మీద పెట్టారట."

"ఎవరు చెప్పారు?"

"ఎల్లయ్యే చెప్పాడండీ."

మాస్టారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఏదో రైలు వచ్చి వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డారు. తిరిగొచ్చి కూర్చున్నాక, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ మాట్లాడారు.

"పెట్టలేదమ్మా. ఆ ముడి కోసింది నేనే."

నీలోఫర్ కాగితం పక్కకి జరిపింది.

"పిల్లలందర్నీ ఒకచోట, పెద్దవాళ్ళని ఒకచోట వేస్తున్నాం. కట్టలుగా దొరికినవాళ్ళని ఒకటిగా లెక్కేసి పడేస్తున్నారు. నాకది నచ్చలేదు. పిల్ల కూడా ఒక మనిషి కదా, లెక్కలోకి రావాలి కదా అన్నాను. ఇరవై ఆరేళ్ళ వయసు, పంతుల్ని, లెక్క తప్పకూడదని పట్టుదల. ముడి విప్పబోతే రాలేదు. నీళ్ళకి బిగిసిపోయింది. వల కోసే కత్తి తెప్పించి కోశాను. ముడి పిల్ల నడుముకే ఉండిపోయింది. ఆవిణ్ణి ఆ కుప్పలో వేశారు. పిల్లని నేనే మోసుకెళ్ళి ఈ కుప్పలో పెట్టాను. లెక్కలో ఇద్దరని రాయించాను. లెక్క సరిగ్గానే వచ్చింది. ఆ తర్వాత ఒక్కరోజు కూడా నాకు అది సరిగ్గా అనిపించలేదు."

లోపల ఎక్కడో కుక్కర్ కూత వేసింది. మాస్టారు చొక్కా జేబులోంచి పెన్ను తీసి, రేవు దారి కింద రెండు పేరాల మధ్య ఉన్న గీతల మీద ఒక కొట్టివేత గుర్తు పెట్టి, పక్కన పొడి అక్షరాలు వేశారు.

"ఈ ఒక్కటి కలపండి. మిగతావి దేనివి దానికే." ఆమె లేవబోతుంటే, "అమ్మా" అన్నారు. "ఎల్లయ్యకి చెప్పకండి. అతను అలా జరిగిందనుకుంటున్నాడు. అలాగే అనుకోనివ్వండి."

సోమవారం పొద్దున్నే ఆమె చేసిన మొదటి పని అదే. రెండు పేరాలనీ పట్టుకుని, టిక్కు పెట్టింది. మధ్యనున్న గోడ మాయమైంది. ఇప్పుడు పుస్తకంలో నూట పదకొండు పెట్టెలు, నూట పన్నెండు ఇళ్ళు.

పంతొమ్మిదిన పాలెంలో సభ జరిగింది. నీలోఫర్ వెళ్ళలేదు. ఆ రోజు ఒక కాలేజీ వాళ్ళ బ్రోషరు ఉంది. మర్నాడు పొద్దున ఎల్లయ్య ప్రెస్సుకి వచ్చాడు. పుస్తకం పాలిథీన్ కవర్లో చుట్టి తెచ్చుకున్నాడు. ఈసారి చెప్పకుండానే కూర్చున్నాడు.

"అందరివీ విడివిడిగా ఉన్నాయమ్మా" అన్నాడు. "మాదొక్కటే కలిపుంది. ఆ రోజు మీరు చూపించినప్పుడు అన్ని వీధులూ కలిపే ఉన్నాయి. పక్క కాగితాలు నేనూ చూశాను."

నీలోఫర్‌కి దాచే ఓపిక లేదు. "అప్పుడు నేను చేసింది పొరపాటు ఎల్లయ్య గారూ. మాస్టారు అన్నీ విడదీయించారు. మీది మాత్రం మళ్ళీ ఆయనే కలపమన్నారు."

"ఆయనే అన్నారా?"

"ఆయనే. తన చేత్తో గుర్తు పెట్టి ఇచ్చారు."

ఎల్లయ్య తల వంచుకున్నాడు, కవరు మడతలు పెడుతూ, విప్పుతూ.

"ఆ ముడి కోసింది ఆయనేనమ్మా" అన్నాడు. "నన్ను చెట్టు మీంచి దించి గట్టు మీద కూచోబెట్టారు. అక్కణ్ణించి చూశాను. అప్పుడు నాకు పదేళ్ళు. అరుద్దామంటే గొంతు రాలేదు. పిల్లని ఎత్తుకుని వెళ్తా ఆయన ఏడుస్తానే ఉన్నారు."

"మరి ఒకే చితి మీద పెట్టారని చెప్పారు?"

"మీరు గీత కలిపి గీశారు కదమ్మా. అది చూస్తంటే అలా జరిగినట్టే అనిపించింది. నలభై ఎనిమిదేళ్ళకి ఒక్కసారన్నా నోటితో అలా అనుకోవాలనిపించింది. అన్నాక కొంచెం తేలికైంది."

కిటికీ బయట ఫ్లెక్సీ గాలికి కొట్టుకుంటోంది. లోపల్నుంచి జగన్మోహనరావు, కాలేజీ బ్రోషరు ఎంతదాకా వచ్చిందని కేకేశాడు.

ఎల్లయ్య లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, వెనక్కి తిరిగాడు.

"నిన్న పుస్తకం నా చేతికిస్తా మాస్టారు నా మొహం చూళ్ళేకపోయారమ్మా. నేను చూశానని ఆయనకి చెప్పమాకండి. పెద్దాయన, తట్టుకోలేరు."

నీలోఫర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఇద్దరు మనుషులు, ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు, ఒకే మాట ఆమె దగ్గర దాచిపెట్టి వెళ్తున్నారు. ఒళ్ళంతా అలసటగా ఉంది.

"ఊఁ" అంది.